నర్సరీ స్లోప్

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, నాకు తెలియనిదంటూ ఏదైనా ఉంటే అది జెర్సీ సిటీ లైబ్రరీ తలుపులు తెరిచేదాకానే అని గట్టిగా నమ్మేవాణ్ణి. చదువు డిప్లొమాతో ఆగినా, మిగతాదంతా ఆ బీరువాల ముందు నిలబడే సంపాదించాను (ఈ సంగతి అడగనివాళ్లకు కూడా చెప్పేవాణ్ణి). మా ఆవిడ ఊరు కడియం. పుట్టింట్లో ఎటు చూసినా పూలమొక్కల నర్సరీయే. అలాంటి మనిషి మా మూడో అంతస్తు కిటికీలోంచి రెండు చలికాలాలు మోడు చెట్లనే చూసింది. రెండో ఏడు, “ఏవండీ, వచ్చే చలికాలానికి నన్ను మా ఊరు పంపించేయండి. ఆకన్నది కంటపడక పిచ్చెక్కేలా ఉంది,” అంది. కోపంగా అన్నా బాగుండేది. చాలా నెమ్మదిగా అంది.

నేను యథాప్రకారం లైబ్రరీకి పరిగెత్తాను. చలికాలం పండగలా ఉండే చోటికి తీసుకెళితే మనసు మారుతుందని నా ఆలోచన. ఆఫీసులో స్కీయింగ్ కబుర్లు వినీ వినీ ఆల్ప్స్ మీద మోజు కూడా ఉందనుకోండి. ఇంగ్లండులో అచ్చయిన గైడు ఒకటి దొరికింది. స్విట్జర్లాండు, ఫ్రాన్సు, ఆస్ట్రియా అని గళ్లు గీసి, నోట్‌బుక్కు నింపాను. ఒక ఊరు మరీ ఎత్తు, ఇంకో ఊరికి రైలు లేదు. చివరికి ఆస్ట్రియాలో ఓ పల్లె దగ్గర నా వేలు ఆగిపోయింది: ఊరి పక్కనే ఎండ బాగా తగిలే విశాలమైన నర్సరీ స్లోపులు, ఓపికగా నేర్పే శిక్షకులు! మొక్కలకు అంట్లు కట్టడం కూడా నేర్పుతారు కాబోలనుకున్నాను.

“అంత మంచులో మొక్కలేంటండీ?” అంది మా ఆవిడ.

“అద్దాల గదుల్లో పెంచుతారోయ్. యూరప్ అంటే ఏమనుకున్నావు?”

“కనకాంబరాలుంటాయా?”

“అడుగుదాం,” అన్నాను ధీమాగా. ఆమె ఆ వారమంతా మొక్కల జాబితా రాసుకుంటూనే ఉంది. ఊరికి పంపించమన్న మాట మళ్లీ ఎత్తలేదు.

టికెట్లు బుక్ చేసే ముందు ఆదివారం, పై అంతస్తులో ఉండే కరీంనగర్ కుర్రాడు భోజనానికి వచ్చాడు. యూనివర్సిటీ వాళ్లతో రెండుసార్లు స్కీయింగ్‌కి వెళ్లొచ్చినవాడు. నా నోట్‌బుక్కు చూసి ముద్ద చేతిలోనే ఆపేశాడు.

“అన్నా, నర్సరీ స్లోప్ అంటే మొక్కలు కాదే! కొత్తోళ్లు పడుకుంట లేసుకుంట స్కీయింగ్ నేర్చుకునే చిన్న గుట్ట. ఇక్కడ బన్నీ హిల్ అంటరు చూడు, గదే.”

మా ఆవిడ తన మొక్కల జాబితా వైపు చూసింది. ఇక పెట్టె సర్దుకుంటుందనే అనుకున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని లేచాను, నవ్వుతోంది. ఆ ఇంట్లో అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. “అంత దూరం తీసుకెళ్లి నన్ను ఎల్‌కేజీలో పడేసేవారన్నమాట!” అని మళ్లీ నవ్వి, కళ్లు తుడుచుకుని, “ఆస్ట్రియా తర్వాత చూద్దాం. ముందు రెండు కుండీలు కొనండి,” అంది.

ఆస్ట్రియా ఇప్పటికీ చూడలేదు. కుండీలు మాత్రం కిటికీలు దాటి, రాష్ట్రాలు దాటి, ఇప్పుడు మేముండే అల్ఫారెట్టా దాకా వచ్చాయి. మా పెరడు వెనక్కి ఏటవాలుగా ఉంటుంది, నిండా మందారాలు. వచ్చినవాళ్లకు ఆమె దాన్ని “మా నర్సరీ స్లోప్” అని చూపిస్తుంది. ఆ పేరెలా వచ్చిందో వాళ్లకు వివరించబోతాను. ఈలోపే మోకాళ్లు పట్టుకుని దిగుతున్న నన్ను చూసి, “నెమ్మదండీ, శిక్షకుడు లేడు,” అంటుంది.