లెక్కల సారు గోలీల కంప్యూటర్

లెక్కల సారు పోయారని నాకు తంగళ్ళపల్లి వెళ్లే ఆటోలో తెలిసింది. చెప్పిన డ్రైవరూ ఆయన శిష్యుడే. "అక్కా, మన లెక్కల సారు పోయిండట" అన్నాడు. నేను దిగాల్సిన చోట ఆపడం అతను మరిచిపోయాడు, ఆపమనడం నేనూ మరిచిపోయాను.

సిరిసిల్లలో మా ఇంటి ఎదురుగానే సారు ఇల్లు. ఆయన వస్తున్నారని చూడకుండానే తెలిసేది, ప్యాంటు జేబుల్లో గోలీలు గలగలమనేవి. ఆయన భార్యను మేము పెద్దమ్మ అనేవాళ్లం. బట్టలు నానబెట్టే ముందు జేబులు దులిపి, "గింత పెద్దమనిషి జేబుల గోలీలేంది!" అని వాడకట్టంతా వినేలా అడిగేది. ఆమె ఏరిన గోలీలను సారు లెక్కపెట్టి మరీ తీసుకునేవారు.

ఆ గోలీలు కంప్యూటర్ కోసం. మా బడిలో అసలు కంప్యూటర్ ఒకటి ఉండేది. దసరాకు దానికి బొట్టు పెట్టేవారు, మిగతా ఏడాదంతా గుడ్డ కప్పేవారు. "ముట్టుకుంటె ఖరాబైతది" అని ప్యూన్ కాపలా. అది చూస్తే సారుకు ఒళ్లు మండేది. బట్ట నేసే సాంచాల కార్ఖానాలో, దారం మోసి అరిగాక పారేసిన చెక్క నాడెలు తెచ్చి, కోసి, ఏటవాలుగా ఉన్న ఒక డబ్బాలో మూడు రెక్కలు బిగించారు. రెక్కకు ఒక పక్క సున్నా, మరో పక్క ఒకటి. గోలీ పడితే సున్నా మీదున్న రెక్క ఒకటికి తిరిగి, గోలీని కిందికి జారవిడుస్తుంది. ఒకటి మీదుంటే సున్నాకు తిరిగి, గోలీని పక్క రెక్క మీదికి తోస్తుంది. అంతే, మూడు రెక్కలతో ఏడు దాకా లెక్కపెట్టొచ్చు. "పెద్ద కంప్యూటర్ల సుత గిదే ఉంటది బిడ్డా, గోలీలే కనవడయి" అనేవారు.

తెలంగాణ కోసం సమ్మె మొదలై బడులు మూతపడ్డాయి. సార్లంతా రిలే దీక్ష టెంటులో కూర్చున్నారు. మా సారూ కూర్చున్నారు, డబ్బాతో సహా. "నేను చదువు చెప్తలేను, గోలీలాడుతున్న" అంటూ సమ్మె తప్పకుండానే మాకు క్లాసు నడిపారు. ఆకలి మీదున్న పెద్దలు మా వెనక నిలబడి, మాకంటే శ్రద్ధగా వినేవారు.

ఒకరోజు వాళ్లలో ఒకాయన అడగనే అడిగాడు. "సారూ, తెలంగాణ అస్తదా రాదా, దీన్నడుగుండ్రి."

"దానికేమెరుక? మనం ఏసిన గోలీలు లెక్కవెడ్తది, గంతే" అన్నారు సారు. ఎవరు వింటారు? ఒకటంటే వచ్చినట్టు, సున్నా అంటే రానట్టు అనుకుని తలా ఒక గోలీ వేశారు. ఏడో గోలీకి మూడు రెక్కల మీదా ఒకట్లు నిలబడ్డాయి. జై తెలంగాణ అని టెంటు దద్దరిల్లింది. అప్పుడు శిబిరం నాయకుడు మెడలో దండ సర్దుకుని, ఫోటో తీసేవాడు సిద్ధమయ్యేదాకా ఆగి, తన గోలీ వేశాడు. టక్, టక్, టక్. మూడూ సున్నాలయ్యాయి.

"గీయన చెయ్యి పడంగనే పాయె!" అంది వెనక నుంచి బీడీలు చుట్టే ఒక అవ్వ.

నాయకుడి ముఖం మాడిపోయింది. "సారూ, మీ డబ్బ సమైక్యవాది! రెక్కలకు గమ్ము పెట్టుండ్రి, ఎప్పటికి ఒకటే చూపియ్యాలె. లేకుంటె టెంటుల ఉండనియ్య."

డబ్బా పోతే క్లాసు పోయినట్టే, ఆ టెంటు తప్ప మాకు బడి లేదు.

"గమ్ము పెట్ట. అబద్ధమాడే కంప్యూటర్ పిల్లలకు చూపియ్య" అన్నారు సారు. డబ్బా చివరి నుంచి బయటికి దొర్లిన గోలీని వంగి తీసి, నాయకుడి అరచేతిలో పెట్టారు. "లెక్క తప్పలే. రెక్కలు చాలలే, గోలీ బయటికచ్చింది. సున్నా ఏస్తె, చేతిల ఎంత?"

నాయకుడు గోలీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చేతిల ఒకటి మర్చిపోవుడు నీకు ఏడో తరగతి సంది అలవాటే" అన్నారు సారు.

ఆయనా సారు శిష్యుడేనని మాకప్పుడే తెలిసింది. టెంటంతా పగలబడి నవ్వింది, చివరికి ఆయనా నవ్వాడు. మర్నాడు నాడె ముక్క తానే తెచ్చి, నాలుగో రెక్క దగ్గరుండి బిగింపించి పోయాడు.

తెలంగాణ వచ్చింది. గోలీలతో కాదనుకోండి. పెద్దమ్మ మాత్రం "మా డబ్బ ముందే చెప్పింది" అని ఇప్పటికీ అంటుంది. నేనిప్పుడు ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. కంప్యూటర్ మొరాయిస్తే దండం పెట్టను, లోపల గోలీ ఎక్కడో ఆగిందనుకుని వెతుకుతాను. ఆ ధైర్యం సారు పెట్టిన భిక్ష.

సారు దినాల నాడు వాళ్లింటికి వెళ్లాను. డబ్బా అరుగు మీదే ఉంది. నాలుగు రెక్కలూ ఒకట్లు చూపిస్తున్నాయి, సారు ఆఖరిసారి ఎక్కడ ఆపారో అక్కడే. ఆయన ప్యాంటు జేబులోంచి తీసిన గోలీ ఒకటి పెద్దమ్మ నాకిచ్చింది. "ఎయ్యి బిడ్డా."

వేశాను. టక్, టక్, టక్, టక్. అన్నీ సున్నాలు. నాకు ఏడుపు ఆగలేదు.

పెద్దమ్మ అప్పటికే డబ్బా చివర అరచెయ్యి చాచి పట్టుకుని కూర్చుంది. గోలీ దొర్లుకుంటూ వచ్చి అందులో పడింది.