గుడి రాళ్ళు కడిగిన శుక్రవారం

నా చిన్నప్పుడు నేనొకసారి గుడి రాళ్ళు కడిగిన. పుణ్యం వస్తదని కాదు. మా అమ్మకు గడప లేకుండె, అందుకని. దాంతోని మా అమ్మ పని పోయేటంత పనయ్యింది. ఈ సంగతి ఇన్నేండ్లు ఎవ్వరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాల్సి వచ్చింది. మా పొదుపు సంఘం ఆడవాళ్ళం వచ్చే నెల అలంపూర్ గుళ్ళు చూసి రావాలని అనుకున్నం. ఆ ప్రయాణం ఎట్ల ఉండాలన్న దాని మీద నాకూ మా సంఘం లీడరుకూ పడలేదు.

లీడరు మంచి పిల్లనే. మా వాడకట్టు కోడలు, పది దాకా చదివింది. అంతా కాగితం మీద రాసుకొని వచ్చింది. ఎనిమిదింటికి ఇటిక్యాలలో బండెక్కుడు, తొమ్మిదిన్నరకు జోగులాంబ దర్శనం, పదిన్నరకు నవబ్రహ్మ గుళ్ళు, మధ్యాహ్నానికి బీచుపల్లి, హోటల్లో భోజనం, ఆ తర్వాత గద్వాల కోట, పొద్దుగూకే వరకు ఇల్లు. గుళ్ళు చూపించేందుకు అలంపూర్‌లో ఒక గైడును కూడా మాట్లాడి పెట్టింది.

హోటలెందుకు, రొట్టెలు కట్టుకపోదామన్న. సరేనన్నది. బీచుపల్లి వద్దు, గద్వాల వద్దు, దినమంతా అలంపూర్‌లోనే ఉందామన్న. దానికి మాత్రం నవ్వింది. "దినమంతా ఆడ ఏం చేస్తం పెద్దమ్మా, రాళ్ళు లెక్కబెడ్తమా?" అన్నది. గైడుతోని నేనే మాట్లాడ్త తెమ్మని ఫోన్ తీసుకున్న. "గంటన్నరల తొమ్మిది గుళ్ళు తిప్పి చూపిస్త అవ్వా, మీరేం పరేషాన్ కావొద్దు" అన్నడు. "గంటన్నరల నాకు ఒక్క రాయి కూడా కాదు నాయనా" అన్న. ఫోన్ లీడరు చేతిలో పెట్టిన.

నవ్వేటోళ్ళు నవ్వనీ. ఆ రాళ్ళు నాకు ఎట్ల తెలుసో చెప్త.

కృష్ణ, తుంగభద్ర కలిసే తావున మా ఊరు ఉండె. డ్యాం నీళ్ళు వస్తయని ఊర్లు ఖాళీ చేయించిన్రు. అదే తావున ఒక పాత రాతి గుడి కూడా ఉండె. అది మునిగిపోవద్దని రాయి రాయి ఊడదీసి, ప్రతి రాయి మీద నంబరు వేసి, లారీల మీద అలంపూర్ తెచ్చి, మళ్ళ ఎట్లున్నది అట్లనే కట్టబెట్టిన్రు. ఆ కట్టేకాడ మా అమ్మకు కూలిపని దొరికింది. మా నాయన వలసపోయి ఎక్కడో కాలువ పనిలో ఉండె. నేను మూడో తరగతి నడుమనే బడి విడిచిపెట్టి అమ్మ వెంట వచ్చిన.

మా ఇల్లు కూడా రాళ్ళతోనే కట్టింది. ఆ రాళ్ళకు ఎవ్వరూ నంబర్లు వెయ్యలేదు. కోపంతోని అంటలేను, ఉన్నది చెప్తున్న.

పనికాడ మాది తడకల గుడిసె. దానికి తలుపూ లేదు, గడపా లేదు. ఊర్లో ఉన్నప్పుడు మా అమ్మ ఏ శుక్రవారమూ తప్పకుండా గడప కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టేది. ఇక్కడికి వచ్చినంక ఆ పసుపును గుడ్డపేలికలో మూటగట్టి గుడిసె చూరులో దోపింది. శుక్రవారం వస్తే పొద్దున్నే లేచి, చీపురు చేతిలో పట్టుకొని, తడక ముందర మట్టి దిక్కు చూసుకుంట ఊరికెనే నిలబడేది. నాకు అది చూడబుద్ధి కాకపోయేది.

ఒక శుక్రవారం అమ్మ నీళ్ళకు పోయింది. ముందురోజు లారీ దించిన రాళ్ళు గుడిసె అవతల గడ్డిలో పరిచి ఉన్నయ్. నాలుగు రాళ్ళు పక్కపక్కన, నిగనిగమంటూ, అచ్చం పెద్దింటి గడప లెక్క. వాటి మీద సున్నం మరకలు. అవి మరకలు కావనీ, ఊడదీసేకాడ తారు అందక, నంబరు వేసేదాకా ఉండాలని సున్నంతో గీసిన గుర్తులనీ నాకేం తెలుసు. కొబ్బరిపీచు పెట్టి రుద్ది రుద్ది కడిగిన. చూరులో మూట తీసి పసుపు పూసిన. నీళ్ళ బిందెతోని వస్తున్న అమ్మను చెయ్యి పట్టి గుంజుకొచ్చి, ఇగో నీ గడప అని చూపిచ్చిన. అమ్మ బిందె దించి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పని చూసే సారు రానే వచ్చిండు. ఈ నాలుగు రాళ్ళు ఏ గోడవో, ఏ వరుసవో ఇప్పుడెట్ల తెలుస్తదని ఒంటికాలి మీద లేచిండు. ఎవరు కడిగిన్రంటే మా అమ్మ "నేనే కడిగిన" అన్నది. పొద్దుగూకేలోపు వీటి జాగ తేలకపోతే రేపటి నుంచి పనికి రావద్దన్నడు. ఆ పని పోతే మాకు గుడిసె కూడా లేదు. పోదామంటే ఊరు కూడా లేదు.

రాళ్ళు పేర్చే ముసలాయన ఒకాయన ఉండె. రాయచూరు దిక్కు మనిషి, తెలుగు మాట్లాడితే నడుమ నడుమ కన్నడం పడేది. నేను రాళ్ళ తాత అనేదాన్ని. ఆయన సారుతోని, నాలుగు రాళ్ళే కదా, సాయంత్రం దాకా చూద్దామన్నడు. సారు పోయినంక నా రెండు చేతులూ పట్టుకొని తిప్పి చూసిండు. అరచేతులు పచ్చగా ఉన్నయ్.

"కడిగింది నువ్వు. జాగ చూపించేది కూడా నువ్వే" అన్నడు.

ఆ రాళ్ళు గోడ చుట్టూ మొలతాడు లెక్క తిరిగే ఒక వరుసలోనివి. వాటి మీద హంసలు చెక్కి ఉన్నయ్. ఒక రాయి అయిపోయి ఇంకో రాయి మొదలయ్యే చోట హంస రెండు ముక్కలవుతది. తల ఒక రాయి మీద, తోక పక్క రాయి మీద. అసుంటి రాళ్ళు, తారు నంబర్లు పడ్డవి, నలభై దాకా ఆ మైదానంలో పరిచి ఉన్నయ్. తలకు తోక, తోకకు తల వెతకాలన్నడు. నేను ఉరికిన. ఈ రాయి కాడికి, ఆ రాయి కాడికి, మళ్ళ ఈ రాయి కాడికి. అన్ని హంసలూ ఒక్క తీరుగనే కనపడ్డయ్. అదే మాట తాతతోని అన్న.

"ఒక్క తీరుగ చేసెటోడు ఇటుకలు పోస్కుంటడు, హంసలు చెయ్యడు. నోడు" అన్నడు. చూడు అని. దినమంతా ఆయన నాకు ఎక్కువసార్లు చెప్పిన మాట అదే.

మధ్యాహ్నమయ్యింది. ఒక్కటి కూడా దొరకలేదు. తాత చెట్టు కింద తువ్వాల పరిచి, తిని పండుకోమన్నడు. ఎండ నెత్తి మీద ఉన్నప్పుడు రాయి మీద ఏమీ కనపడదంట. నాకు పానం ఆగుతలేదు. పొద్దుగూకే వరకే గడువు, ఈ ముసలాయన పండుకోమంటడు. అమ్మ దూరంగా సున్నం తట్ట మోస్తుండె. నా దిక్కు చూస్తలేదు. తన రొట్టె కూడా నాకే పంపింది.

ఎండ పక్కకు వాలినంక తాత లేపిండు. అప్పుడు చూసిన. ప్రతి గీతకూ నీడ వచ్చింది. పొద్దున ఒక్క తీరుగున్న హంసలు ఒక్కొక్కటే వేరయినయ్. ఒకటి ముక్కుతోని తామరతూడు పట్టుకుంది. ఒకటి మెడ వెనక్కి తిప్పి తన ఈకలు తనే గీరుకుంటుంది. ఒకటి కాలెత్తి అడుగు వేయబోతుంది. ఒకదానికి సారుకున్నంత పొట్ట ఉంది. ఆ మాట అంటే తాత నవ్వు కనపడకుండ తల అవతలికి తిప్పుకున్నడు. తాత నన్ను కళ్ళు మూసుకొని రాయి అంచు మీద వేళ్ళు పెట్టి నడిపించమన్నడు. గీత ఎంత లోతు పోయిందో, ఎక్కడ తెగిందో వేళ్ళకు తెలిసింది. మూడు రాళ్ళ పొరుగు దొరికింది.

నాలుగోది దొరకలేదు. దాని మీద తోక ఉంది, ఈకలు లేవు. ఊరికె పైగీత. అసుంటి పైగీత తల ఏ రాయి మీదా లేదు. పొద్దు దిగుతుంది. సారు మైదానం ఆ చివర కనపడ్డడు. నాకు ఏడుపొచ్చింది. కండ్లల్ల నీళ్ళుంటే రాయి కనపడదు, తుడుచుకో అన్నడు తాత. తుడుచుకొని చూసిన. నేను పొద్దుటి నుంచి పదిసార్లు దాటిపోయిన ఒక బోడి రాయి, ఏమీ లేదని విడిచిపెట్టింది, దాని అంచున సన్నగ ఒక వంపు. వేలు పెడితే తగిలింది. మెడ. శిల్పి మెడ దాకా గీసి ఆపేసిండు.

ఎందుకు ఆపిండని అడిగిన. "పని నడుమ లేచి పోయిండు. ఆకలయ్యిందో, ఇంటికాడి నుంచి కబురొచ్చిందో" అన్నడు. పొయ్యి మీది ఎసరు దించి మేము ఊరు విడిచి వచ్చిన దినం నాకు యాదికొచ్చింది.

తాత తారు డబ్బా తెచ్చి నాలుగు రాళ్ళ మీదా నంబర్లు వేసిండు. సారు వచ్చి తన పుస్తకం తెరిచి, వరుసలో తక్కువైన నంబర్లు ఇవేనని ఒక్కొక్కటే సరిచూసుకొని, పుస్తకం మూసుకొని పోయిండు. మా అమ్మ తట్ట దించింది. అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. తాత పక్క రాళ్ళ నంబర్లు గానీ, ఏ పుస్తకం గానీ చూడకుండనే నంబర్లు వేసిండు.

"నీకు పొద్దుగాలనే తెలుసు కదా తాతా" అన్న.

"నాకు తెలుసు. నీకు తెలుసా?" అన్నడు.

మా అమ్మను దినమంతా పస్తులుంచినందుకు నాకు ఆయన మీద చాన దినాలు కోపముండె. ఇప్పటికీ కొంచెం ఉంది. కానీ ఆ పొద్దు ఆయనే ఆ నాలుగు నంబర్లు వేసి పంపిస్తే నేను మర్నాడు ఇంకో నాలుగు రాళ్ళు కడిగేదాన్ని. రాయిని రాయి అనుకుంటనే పెరిగేదాన్ని.

మళ్ళ శుక్రవారం పొద్దున గుడిసె ముందర ఒక రాయి కనపడ్డది. గుడిది కాదు, కొత్త రాయి చెక్కితే మిగిలిన ముక్క. తాతే మోసుకొచ్చి మట్టిలో నాటి, దాని మీద ఒక మూలకు తారుతోని ఒకటి అంకె వేసిండు. మీ ఇంటికి మొదటి రాయి ఇది, మిగతావి మీరు పెట్టుకోండి, దీన్ని ఎంతైనా కడుక్కోండి అన్నడు. మా అమ్మ పోయి చూరులో పసుపు మూట తీసింది.

ఆ రాయి తర్వాత మేము ఇల్లు మారినప్పుడల్లా మారింది. మా అమ్మ పోయినంక నేను ఎడ్లబండిలో ఇటిక్యాల తెచ్చుకున్న. బొంత కుట్టేటప్పుడు ఒక పేలికకు ఏ పేలిక పొరుగో చూడకుండ ఇప్పటికీ సూది గుచ్చను. సోకు కోసం కాదు. పొరుగు కుదిరితే బొంత ఎక్కువేండ్లు ఉంటది.

పోయిన వారం బస్సెక్కి ఒక్కదాన్నే అలంపూర్ పోయి వచ్చిన. ఆ గోడకు పొద్దున ఎన్నింటికి ఎండ ఏటవాలుగా పడ్తదో చూసుకున్న. ఏడింటికి. మెడ దాకా గీసి విడిచిన హంస అక్కడనే ఉంది, నాలుగో రాయి పక్కన. దాని ముందర నిలబడి ఫోటోలు దిగేటోళ్ళు దిగుతున్నరు, దాన్ని చూసినోళ్ళు లేరు. గైడు కూడా దొరికిండు. చూపిచ్చిన. వంగి చూసి, ఇన్నేండ్లు ఇక్కడనే తిరుగుతున్న అవ్వా, తెల్వలేదు అన్నడు. పొద్దున ఏడింటికి నువ్వూ ఉండు, మిగతా గుళ్ళు నువ్వు చెప్పు, ఇది నేను చెప్త అన్న.

నిన్న లీడరు తన కాగితం పట్టుకొని మళ్ళ వచ్చింది. శుక్రవారం కదా, నేను అప్పుడే గడప కడిగి పసుపు పూస్తున్న. దాటబోయి ఆగింది. వంగింది. "పెద్దమ్మా, గడప మీద ఈ ఒకటి అంకె ఏంది?" అన్నది. ఆరేండ్ల నుంచి దాటుకుంట లోపలికి వస్తుంది, పోతుంది.

"పొద్దున అయిదింటికి బండి మాట్లాడు. అలంపూర్‌లో చెప్త" అన్న. ఆమె కాగితం మీద బీచుపల్లి కొట్టేసింది, గద్వాల కొట్టేసింది. నేను పసుపు అంకె మీదికి పోకుండ చుట్టూ పూసిన, ఎప్పటి లెక్కనే.