అన్న దిక్కు పేజీ

ఆ మధ్య కొరియర్‌లో వచ్చిన కవరు చించి, అందులోంచి జారిపడిన కొత్త బొమ్మల కథల పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, అట్ట నుంచి అట్ట దాకా చదివేసి, ఇదేం కథ, తలా తోకా లేదు, రాసినవాళ్ళకు మతి ఉందా అని విసుక్కుంటూ సమీక్ష మొదలుపెట్టబోయి ఆగిపోయాను. పుస్తకంలో సగమే చదివానని అప్పుడు తెలిసింది. ఎడమవైపు పేజీలు మాత్రమే చదివాను. కుడివైపు పేజీల మీదికి నా చూపే పోలేదు.

నవ్వకండి. నా ఈడువాళ్ళు చాలామంది బొమ్మల కథలు చదివే పెరిగారు గానీ, ప్రతి పుస్తకమూ సగమే చదివి పెరిగినదాన్ని బహుశా నేనొక్కదాన్నే. ఒక మాసపత్రికవారు, కొత్తగా వెలువడుతున్న బొమ్మల కథల సీరీస్‌ల మీద నెలనెలా సమీక్ష రాయమంటూ, మీకు వీటితో పరిచయం ఉందా అని అడిగినప్పుడు, మా చిన్నప్పుడు సికింద్రాబాదులో అద్దెకు దొరికిన ప్రతి పుస్తకమూ చదివానని గొప్పగా చెప్పుకున్నాను. నేను చెప్పేదాంట్లో సగమే నిజమని మా ఇంట్లో అందరూ అంటారు. ఈ ఒక్క విషయంలో ఆ మాట అచ్చంగా సరిపోయింది.

మా అమ్మ వారానికోసారి కూరగాయలకు మోండా మార్కెట్‌కు వెళ్తూ అన్ననూ నన్నూ వెంట తీసుకుపోయేది. బేరమాడేటప్పుడు మేము కొంగు పట్టుకు లాగితే తన పట్టు సడలిపోతుందని, మార్కెట్ వెనక సందులో, స్టీలు సామాన్ల దుకాణాల మధ్య ఇరుక్కుపోయిన అద్దె పుస్తకాల కొట్టులో మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్ళేది. ఆ కొట్టు నడిపే పెద్దాయనను మేము చాచా అనేవాళ్ళం. పుస్తకాలు ఇంటికి పట్టుకుపోవడానికి అమ్మ ఒప్పుకునేది కాదు, అక్కడే చదివి అక్కడే పెట్టేయాలి. కాబట్టి మా చదువుకు గడువు అమ్మ బేరమే. టమాటాలు మండిపోతున్న వారం రెండు పుస్తకాలు పూర్తయ్యేవి, చవగ్గా దొరికిన వారం ఒకటి కూడా ముగిసేది కాదు. కూరగాయల ధరలు పెరగాలని దేవుడికి మొక్కుకున్న పిల్ల సికింద్రాబాదు మొత్తంలో నేను తప్ప ఇంకొకతె ఉండి ఉండదు.

గడువు చాలడం లేదని అన్నే ఒక ఉపాయం కనిపెట్టాడు. పుస్తకాన్ని ఇద్దరి మోకాళ్ళ మీద పరిచి, ఎడమ పక్క కూర్చున్న నేను ఎడమ పేజీ, కుడి పక్క కూర్చున్న తాను కుడి పేజీ ఒకేసారి చదవాలి, ఎవరి పేజీలో ఏమైందో రెండు ముక్కల్లో రెండోవాళ్ళకు చెప్పాలి, పేజీ మాత్రం అన్న తిప్పుతాడు. ఒకరి పేజీలోకి ఇంకొకరు తొంగి చూడకూడదని అమ్మ మీద ఒట్టు పెట్టించాడు. బొమ్మల పుస్తకాల అమరిక మీకు గుర్తుండే ఉంటుంది. అట్ట తెరవగానే ఎడమవైపు బిస్కెట్ల ప్రకటన, కుడివైపు కథ మొదలు. చివరికొచ్చేసరికి ఎడమవైపు కథ ముగింపు, కుడివైపు పళ్ళపొడి ప్రకటన. అంటే ఏ కథైనా మొదలు అన్నది, ముగింపు నాది.

ముగింపును నా చేతికిచ్చి ఊరుకోమంటే నేను ఊరుకునే రకమా. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు అప్పుడూ చేతకాలేదు. నా పేజీలో రాజు ఉత్తరం చదువుతుంటే, ఉత్తరంలోంచి పాము బయటికి వచ్చిందని చెప్పేదాన్ని. దొంగ పారిపోతుంటే, ట్యాంక్‌బండ్ మీదికి వచ్చి మన అమ్మను దారి అడుగుతున్నాడని చెప్పేదాన్ని. అన్న కళ్ళు పెద్దవి చేసి విని, పేజీ తిప్పి, తన వంతు చదివి, తలెత్తేవాడు. సేనాపతిని చంపినవ్ కదనే, నా పేజీల అన్నం తింటున్నడు అని, నడినెత్తిన ఒక మొట్టికాయ వేసేవాడు. చివరి పేజీలో కోసిన కోతలకు మాత్రం శిక్ష వెంటనే పడేది కాదు. వచ్చే నెల సంచిక వచ్చి, అందులో అన్న తన మొదటి పేజీ చదివితే గాని నేను దొరికేదాన్ని కాదు. ఆ నెలంతా అన్న మరిచిపోయేవాడు కాదు. నేనూ మరిచిపోయేదాన్ని కాదు. బడికి పోతుంటే, అన్నం తింటుంటే, ఉన్నట్టుండి నా నెత్తి వైపు చూసి నవ్వేవాడు.

కొత్త సీరీస్ ఏదైనా మార్కెట్లోకి వస్తే చాచా మొదటి సంచిక ఒకటి తెప్పించి, ముందు మా ఇద్దరికీ ఊరికే చదవనిచ్చి, తర్వాతి సంచికలు తెప్పించాలా వద్దా అని మమ్మల్నే అడిగేవాడు. మా మొట్టమొదటి సమీక్షలు అవే. ముందు నన్ను చెప్పమనేవాడు. నేను చెప్తుంటే పొట్ట పట్టుకుని నవ్వేవాడు, ఆ నవ్వుకు చాచా పిల్లి లేచి వచ్చి నా పక్కన కూర్చుని పేజీలు తిప్పేది. నమ్మకపోతే మీ ఇష్టం. అంతా విన్నాక చాచా ఒక మాట అనేవాడు.

“బేటీ, నువ్వు చెప్పిన కథ పుస్తకంల ఉంటే నేను ఈ దుకాణం బంద్ జేసి సినిమాలు తీస్తుంటి.”

ఆ తర్వాత అన్న వైపు తిరిగి, సచ్ బాత్, అంటే ఉన్న మాట, నువ్వు చెప్పు అనేవాడు. అన్న చెప్పినదాన్నిబట్టే తెప్పించేవాడు. నాకు కోపం వచ్చేది కాదు. చాచాకు కోతలూ నిజమూ రెండూ కావాలి, రెండూ ఆ బెంచీ మీద దొరికేవి.

చాచా పోయి చాలా కాలమైంది. ఆ కొట్టులో ఇప్పుడు ఫోన్లకు తొడిగే రంగురంగుల కవర్లు అమ్ముతున్నారు. అన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, చేతులకు నూనె మరకలతోనే సర్వీసంతా గడిపి, రిటైరై యాప్రాల్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఇల్లు పూర్తయ్యేలోపే ఒంట్లోని షుగర్ కళ్ళలోకి దిగింది. గోడలకు వేసిన రంగు ఏమిటో సరిగ్గా చూడకుండానే చూపు మొత్తం పోయింది. ఆపరేషన్లు చేయించారు, ఫలితం లేకపోయింది. నేను వెళ్ళినప్పుడల్లా అవీ ఇవీ మాట్లాడి వచ్చేసేదాన్ని. మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ లేనంత మర్యాద వచ్చిపడింది.

ఇదుగో ఈ పుస్తకం వచ్చిన రోజుల్లోనే వదిన ఫోన్ చేసింది. మీ అన్న రేడియో సుత పెట్టనిస్తలేడు, పొద్దుమాపు గోడ దిక్కు మొఖం పెట్టి కూసుంటున్నడు, నాతోని సుత మాట్లాడుతలేడు, నువ్వన్న వచ్చి జెర నాలుగు అబద్ధాలు చెప్పిపో అంది. నవ్వుతూ అన్నట్టే ఉంది గానీ ఆమె గొంతు నవ్వడం లేదు. సగం చదివిన పుస్తకాన్ని సంచిలో వేసుకుని యాప్రాల్ బస్సెక్కాను.

అన్న పక్కన, ఎడమవైపే కూర్చున్నాను. ఎప్పటిలాగే పుస్తకాన్ని ఇద్దరి మోకాళ్ళ మీద పరిచాను. అన్న వేళ్ళతో కుడివైపు అంచు వెతుక్కుని, పట్టుకుని, కాగితం మందం చూసి, మంచి కాగితం అన్నాడు. నా ఎడమ పేజీ చదివాను, ఆ తర్వాత జీవితంలో మొదటిసారి అన్న పేజీ చదివాను. గోల్కొండ రోజుల్లో గుర్రాల వైద్యుడి కూతురు ఒకతె, ఆమెకు గుర్రాల బాధ తెలుస్తుంది, అదీ కథ. చూపు లేని మనిషితో వేళాకోళమేమిటని, రెండు పేజీలూ ఉన్నది ఉన్నట్టే చదువుకుంటూ పోయాను. సగానికొచ్చేసరికి అన్న పేజీ తిప్పడం ఆపేశాడు.

“ఏందే, ఇయ్యాల ఒక్క కోత సుత కొయ్యలే? నా మీద జాలి పడుతున్నవా?”

వంటింటి గుమ్మంలో వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. అన్న కుడి పేజీ మీద అరచేయి ఆనించి, నిదానంగా అన్నాడు.

“నీ దిక్కు ఎంతన్న కోసుకో. నా దిక్కు మాత్రం ఉన్నదున్నట్టు చదువాలె. నా పేజీ గిప్పుడు నీ చేతుల పెడుతున్న.”

నేను చాలామందికి చాలా మాటలిచ్చాను, ఎవరికిచ్చింది నిలబెట్టుకున్నానో నాకే గుర్తు లేదు. ఈ మాట మాత్రం ఇచ్చి నిలబెట్టుకున్నాను. అన్న పేజీలు అచ్చులో ఉన్నట్టే చదివాను, నా పేజీల్లో మళ్ళీ పాములు దూరాయి, వజీరు పేనుకొరుకుడుకు మందు అడిగాడు, అన్న మొట్టికాయలు వేశాడు, రెండు మూడుసార్లు గురి తప్పి నా చెవి మీద పడ్డాయి. చివరి పేజీ నాది. అందులో రాజు సిపాయిలు ఆ పిల్ల పెంచిన తెల్ల గుర్రాన్ని పట్టుకుపోతుంటే ఆమె కోట గుమ్మం దగ్గర ఒంటరిగా నిలబడి చూస్తూ ఉంటుంది. నేను, గుర్రం సిపాయిని కింద పడేసి, ఒక్క దూకున మూసీ దాటి ఆమె దగ్గరికి తిరిగి వచ్చిందని చెప్పాను. అన్న పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“గుర్రం గంత అల్కగ ఎనక్కొస్తదా? మంచిది తియ్. వచ్చే నెల నా పేజీల దొరుకుతవ్.”

ఆ నెల మా ఇంటికి ఎన్ని ఫోన్లు వచ్చాయో. అన్న మంచంలోంచి లేచి వాకిట్లో కూర్చుంటున్నాడనీ, రేడియో పెట్టమంటున్నాడనీ, పుస్తకం వచ్చిందా అని రోజూ అడుగుతున్నాడనీ, గుర్రం సంగతేమిటని తనను సతాయిస్తున్నాడనీ వదిన సంబరంగా చెప్పేది. ఎన్నో ఏళ్ళ తర్వాత నా నెత్తి మీద ఒక శిక్ష బాకీ ఉందని, దాని కోసం ఒక మనిషి ఎదురుచూస్తున్నాడని తలుచుకుంటే, ఆఫీసులో కూర్చున్నా నాకు నవ్వొచ్చేది.

రెండో సంచిక రాలేదు. పత్రికవారికి ఫోన్ చేస్తే, అచ్చు ఖర్చు గిట్టుబాటు కావడం లేదట, ఇకనుంచి ఆ సీరీస్ ఫోన్లోనే వస్తుందట, అందులో చూసి సమీక్ష రాసేయండి అన్నారు. తెరిచి చూశాను. పేజీలు లేవు. ఒక బొమ్మ కింద ఇంకో బొమ్మ, దాని కింద ఇంకోటి, వేలితో పైకి నెడుతూ పోతే బావిలోకి చేద దిగినట్టు కథ దిగిపోతూనే ఉంటుంది. బొమ్మలు బాగున్నాయి, ఆ మాట కాదనను, తెల్ల గుర్రం మెడ వంపు చూస్తే చేయి చాపి నిమరాలనిపిస్తుంది. మొదటి బొమ్మలోనే అది రాజుగారి శాలలో గుంజకు కట్టేసి ఉంది.

నా బుద్ధి నాది గదా, ఏదైనా పాత పుస్తకాన్ని అన్న చేతుల్లో పెట్టి, ఫోన్లో చూస్తూ చదివేస్తే సరిపోతుందనుకుని, అంత మందమే ఉన్నదొకటి వెతికి సంచిలో పెట్టుకున్నాను. దారి పొడవునా బస్సులో ఆ నాటకం మనసులో ఆడుకున్నాను. కానీ అన్న పక్కన కూర్చున్నాక సంచిలోంచి తీయలేకపోయాను. ఎడమ పక్కన ఎన్ని చేసినా చెల్లుతుంది, కుడి పక్క అబద్ధం ఉండకూడదన్నది మా ఒప్పందం. ఉన్న సంగతి చెప్పి, ఫోన్ తీసి అన్న చేతిలో పెట్టాను. అన్న దాని మీద బొటనవేలిని ఈ అంచు నుంచి ఆ అంచు దాకా జరిపాడు. ఎంతో దూరం లేదు.

“గిండ్ల నా దిక్కు ఏదే?”

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నాకు అబద్ధానికి కరువు రాలేదు, ఆ పూట వచ్చింది. మొదటి బొమ్మ నీది, కథ మొదలు ఎప్పుడూ నీదే కదా అన్నాను. సరే చదువు అన్నాడు. గుర్రం తిరిగి రాలేదని, రాజుగారి శాలలో కట్టేసి ఉందని, ఉన్నది ఉన్నట్టు చదివి, తల వంచి కూర్చున్నాను.

అన్న ముఖం గోడ వైపు తిరిగింది. కోపం లేకుండా, ఎవరికో చెప్తున్నట్టు అన్నాడు.

“పోయిన నెలది అబద్ధమా, గిప్పటిది అబద్ధమా, నాకెట్ల ఎరుకైతది? రెండు నీ నోట్లకెల్లి వచ్చినయే కదా. ఏదైతేంది తియ్. చదువు.”

తల ఇంకా వంచే ఉంచాను. మొట్టికాయ పడలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఏది చెప్తే అది వినడానికి సిద్ధంగా, బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు మా అన్న. నేను చదివాను. ఏం చదివానో, అందులో ఏది అచ్చులో ఉందో, ఏది నాదో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను.

సమీక్ష పంపించాను. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయని, కథ వేగంగా సాగుతుందని, పిల్లలకు నచ్చుతుందని రాశాను, అదంతా నిజమే. ఆ రోజు అన్న ఇంటి నుంచి తిరుగు ప్రయాణంలో బస్సునిండా జనం ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకుంటున్నారు, పక్కవాళ్ళ దాంట్లో ఏముందో ఎవరికీ అక్కర్లేదు. కోతలరాయుళ్ళకు ఇంత మంచి కాలం మునుపెన్నడూ రాలేదు. చాచా లేడు, సచ్ బాత్ అడిగేవాళ్ళు లేరు, ఏం చెప్పినా చెల్లిపోతుంది. ఇప్పటికీ యాప్రాల్ వెళ్ళి చదువుతూనే ఉన్నాను. గుర్రాన్ని ఆకాశానికి ఎగరేసినా, పాతాళంలో కట్టేసినా అన్న ఊ కొడుతూనే ఉన్నాడు. నడినెత్తిన మొట్టికాయ పడే ఆ కాస్త చోటు మాత్రం, గొడుగులో చిల్లు పడినట్టు, చల్లగా ఉంటోంది.