ఆ రోజు వ్యాను ఎందుకు కదల్లేదంటే

నా చిన్నప్పుడు, అంటే నాకు పదేళ్లో పదకొండేళ్లో ఉన్నప్పుడు, మా బాబాయి ఏలూరులో ఎవరో వదిలించుకున్న పాత పెట్రోలు వ్యాను ఒకటి కొనుక్కొచ్చాడు. వెనక సీట్లు పీకించి రెండు వైపులా చెక్క బల్లలు వేయించాడు. ఒక మూల కిరోసిన్ స్టవ్వు, కిటికీలకు పూల కర్టెన్లు, బ్యాటరీతో వెలిగే చిన్న దీపం, అరచేయంత ఫ్యాను. కొల్లేటి ఒడ్డున మా ఊళ్లో చక్రాల మీద ఇల్లు అంతకుముందు ఎవరూ చూడలేదు. ఇంటికొచ్చిన వాళ్లకు బాబాయి మంచినీళ్లకన్నా ముందు ఆ వ్యానే చూపించేవాడు.

వ్యాను అందంగానే ఉండేది గానీ, పొద్దున్నే స్టార్టు కావాలంటే బతిమాలాలి. బ్యాటరీ పాతది. అందుకని బండి ఆగి ఉన్నప్పుడు దీపం, ఫ్యాను వెయ్యకూడదని బాబాయి పిల్లలందరికీ రెండుసార్లు చెప్పాడు. నాకైతే మూడుసార్లు చెప్పాడు. నా సంగతి ఆయనకు తెలుసు.

మొదటి ప్రయాణం భద్రాచలానికి అనుకున్నారు. మాతోపాటు పక్కింటి దొడ్డమ్మ కూడా వస్తున్నారు. ఆవిడకు భర్త పోయి చాలా ఏళ్లయింది. పుట్టినప్పటినుంచీ కాలవలో వచ్చే గోదారి నీళ్లు తాగడమే గానీ గోదారిని ఒక్కసారీ చూడలేదు. రాముణ్ణి కూడా తర్వాతే తలుచుకునేవారు, ముందు గోదారే. నెల రోజులు ముందుగానే చీరలు సంచిలో సర్దుకుని కూర్చున్నారు. బయల్దేరేటప్పుడు ఎదురు రాకూడదని, ఊరి చివర కాలవ వంతెన దగ్గర బండి ఎక్కమని మా నాయనమ్మ చెప్పింది. దొడ్డమ్మ అదేమీ తప్పు పట్టుకోలేదు. అలాగేనండీ అన్నారు.

ప్రయాణానికి ముందు రోజు మధ్యాహ్నం అందరూ పడుకున్నాక నేను వ్యానులో దూరాను. కర్టెన్లు వేసి, ఫ్యాను వేసి, దీపం వెలిగించి, ఆ ఇంటికి నేనే ఇల్లాలినన్నట్టు సాయంత్రం దాకా కూర్చున్నాను. అమ్మ పిలిస్తే ఫ్యాను కట్టేసి పరిగెత్తాను. దీపం ఆర్పలేదు. మర్చిపోయానని చెప్పుకోవచ్చు, నిజమే. కానీ అన్నం తింటున్నప్పుడు గుర్తొచ్చింది. వెళ్తే ఎందుకెళ్లావని అడుగుతారని వెళ్లలేదు. అది మర్చిపోవడం కాదు.

తెల్లారి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, హారతిచ్చారు. బాబాయి తాళం తిప్పబోతుండగా సందు మలుపులో దొడ్డమ్మ కనిపించారు. అందరికోసం పులిహోర చేశారు. ఆ గిన్నె వంతెన దాకా మొయ్యలేక ఇటు తెచ్చారు. బాబాయి తాళం తిప్పాడు. టక్కుమని ఒక్క చప్పుడు వచ్చింది, అంతే. మళ్లీ తిప్పాడు, మళ్లీ అదే. హారను పిల్లికూనలా మూలిగింది. నలుగురూ దిగి వీధి చివరిదాకా తోశారు, అయినా లేవలేదు. నాయనమ్మ దొడ్డమ్మ వైపు చూసి పెదవి విరిచింది. దొడ్డమ్మ గిన్నె మా అరుగు మీద పెట్టి, కొంగు భుజాల నిండా కప్పుకుని ఇంటికి వెళ్లిపోయారు.

బాబాయి భీమడోలు వెళ్లి, బళ్ల కరెంటు పనిచేసే ఒక పెద్దాయనను తీసుకొచ్చాడు. దొడ్డమ్మ సంగతంతా దారిలోనే చెప్పినట్టున్నాడు. ఆయన సైకిలు మీద ఇంకో బ్యాటరీ కట్టుకొచ్చాడు. రాగానే బానెట్టు ఎత్తలేదు. "చివరగా బండిలో చెయ్యి పెట్టిందెవరండీ?" అని అడిగాడు. బాబాయి తానేనన్నాడు. నేను కాలవలో బాతుల్ని లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాను. ఆయన రెండు వైర్లున్న బల్బును బ్యాటరీకి ఆనించి చూశాడు, వెలగలేదు. బ్యాటరీ కొసల మీద పేరుకున్న తెల్లటి బూజు వేడినీళ్లతో కడిగి, బోల్టులు బిగించాడు. ఎర్తు వైరు లాగి చూశాడు. ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లాడు తప్ప దేన్నీ దాటెయ్యలేదు. చివరికి తను తెచ్చిన బ్యాటరీ తగిలించాడు.

అప్పుడు కర్టెను వెనక దీపం వెలిగింది. ఆ పక్కన ఉన్నది ఆయనా, నేనూ. ఆయన దీపాన్ని చూసి, నా మొహం చూసి, లోపలికి చెయ్యి పెట్టి స్విచ్చి నొక్కి దాన్ని ఆర్పేశాడు. వ్యాను ఒక్క తిప్పుకే లేచింది. బ్యాటరీలో చార్జింగు దిగిపోయిందని అందరికీ చెప్పాడు. నాయనమ్మ, "ఇన్నాళ్లూ లేనిది ఇవాళే దిగాలా? ఎదురొచ్చిన వేళ అలాంటిది" అంది. ఆయన, "ఎదురెవరొచ్చారో బ్యాటరీకి తెలీదండి" అన్నాడు. కానీ ఇవాళే ఎందుకు దిగిందన్న ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఆ జవాబు నన్ను చెప్పమని వదిలేశాడు.

చేతులు కడుక్కుంటుంటే నేనే చెంబుతో నీళ్లు పోశాను. తల ఎత్తకుండానే మెల్లగా అన్నాడు. "పాపగారూ, నేను చెప్తే మీకు దెబ్బలు పడతాయి. మీరే చెప్తే ఆ తల్లి బండెక్కుతారు. మీ ఇష్టమమ్మా."

ఆయన వెళ్లిపోయాడు. నేను చెప్పలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుతో చెవులు వేడెక్కుతున్నాయి. అమ్మ వెళ్లి పిలిస్తే దొడ్డమ్మ, నడుం పట్టేసిందమ్మా, మీరెళ్లిరండి అన్నారట. మేం వెళ్లాం. నల్లజర్ల దాటాక చెట్టు నీడన ఆగి ఆవిడ చేసిన పులిహోర తిన్నాం. నేను రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

తిరిగొచ్చాక అమ్మ ప్రసాదం ఇచ్చి పంపింది. దొడ్డమ్మ రెండు చేతులతో తీసుకుని కళ్లకద్దుకుని, గోదారి ఎలా ఉందో చెప్పమన్నారు. చాలాసేపు చెప్పాను. అవతలి ఒడ్డు ఎంత దూరమో, ఇసుక ఎలా కాలిందో, నీళ్లు ఏ రంగో. ఆవిడ చిన్నపిల్లలా విన్నారు. అంతా అయ్యాక, "ఏవమ్మా, చదువుకునేదానివి. బండి నిజంగా నావల్లే ఆగిందంటావా?" అని అడిగారు. మాట వరసకు అడగలేదు. ఆవిడకు తెలుసుకోవాలని ఉంది.

"తెలీదు దొడ్డమ్మా" అన్నాను.

ఆ తర్వాత ఆవిడ ఎవరి ప్రయాణానికీ ఇంట్లోంచి బయటికి రాలేదు. మా వ్యాను స్టార్టవుతున్న చప్పుడు వినిపిస్తే తలుపు దగ్గరగా వేసుకునేవారు. నా పెళ్లికి కూడా పెరటి వైపునుంచే వచ్చి అక్షింతలు వేసి వెళ్లారు. గోదారిని చూడకుండానే పోయారు.

ఇంట్లో ఏది చెడినా ఇప్పుడు నేను ముందు నా చేతుల వంక చూసుకుంటాను. అది ఆ భీమడోలు పెద్దాయన పెట్టిన అలవాటు. కానీ అంతకన్నా బరువైనది ఇంకొకటి మిగిలింది. ఎవరైనా ఏదైనా అడిగితే, తెలీదు అనే మాట నా నోట తేలిగ్గా రాదు. నిజంగా తెలియకపోయినా సరే, ఆ మాట అనేముందు దొడ్డమ్మ మొహం మనసులో ఒకసారి చూసుకుంటాను.