గురుగ్రహం బొమ్మ గీసే అత్తయ్య

“దీనికి వినపడట్లేదేమో అత్తయ్యా!”

గుమ్మంలో చెప్పులైనా విప్పకుండా అనేశాను. చంకలో రెండేళ్ల పాప. ఒక్క మాటా రాలేదింకా. నేను చదివింది భౌతికశాస్త్రం కాబట్టి నా భయానికి గ్రాఫులు కూడా ఉన్నాయి. ఏ నెలకు ఎన్ని మాటలు రావాలో, మా పాప ఆ గీతకు ఎంత కింద ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

“ముందు లోపలికి రా. వచ్చీ రాగానే ఏమిటే ఆ గోల!” అంది అత్తయ్య.

మా నాన్నకు అక్క ఆవిడ. వీధి గదిలో కుట్టుమిషను, పెరట్లో టెలిస్కోపు. ఆ రెండింటి మధ్యే ఆవిడ బతుకంతా నడిచింది. నా చిన్నప్పుడు సెలవులకు వెళితే, వెలుతురుండగానే టెలిస్కోపు ఇంట్లోంచి పెరట్లోకి పెట్టించేది. దాని ఇంటి వేడి దిగితే గాని అందులో కనిపించే బొమ్మ కుదురుగా నిలవదట. తర్వాత ఆకాశానికి అడ్డొచ్చే తీగ మీది బట్టలు తీసేది. కాగితం మీద కోటు బొత్తాం పెట్టి చుట్టూ గీసి, పైనా కిందా కాస్త నొక్కినట్టు దిద్దేది. గురుగ్రహం నిండు గుండ్రం కాదు మరి.

“గురుడికి చొక్కా కుడుతున్నావా ఏం?” అనేవాడు మామయ్య వంటింటి కిటికీలోంచి.

“కుడతాను. నీలా ఏటేటా పొట్ట దగ్గర వదులు చెయ్యమనడు!”

గాలి నిలకడగా ఉండి గ్రహం స్పష్టంగా కనిపించే ఆ ఒక్క క్షణం కోసం పెన్సిలు పైకెత్తి పట్టుకుని కూర్చునేది. సాయంత్రం అంటే నాకు ఇప్పటికీ అదే. ఆ కిటికీలోంచి పలికే మనిషి మాత్రం ఇప్పుడు లేడు.

నేను పాపతో వెళ్లిన ఆ పూట కూడా దాన్ని ఒళ్లో పెట్టుకుని గీస్తోంది. భూమి తిరుగుతుంది కదా, గ్రహం మెల్లగా కంటికి అందకుండా జారిపోతుంది. జారినప్పుడల్లా “పోయింది” అంటూ టెలిస్కోపు గొట్టాన్ని అరచేత్తో కాస్త తోస్తుంది. మళ్ళీ గీస్తుంది. నేను పక్కన కూర్చుని చెవుల డాక్టర్ల కోసం ఫోనులో వెతుకుతున్నాను.

“ఫోను పక్కన పెట్టి ఇటు చూడు,” అంది అత్తయ్య. తల కాగితం మీదికి వంచి, చెయ్యి కదపకుండా, నెమ్మదిగా అంది: “పోయింది.”

పాప వెనక్కి తిరిగి కూడా చూడలేదు. చెయ్యి చాచి గొట్టాన్ని తోసింది. ఎంత గట్టిగా తోసిందంటే అది గోడవైపు తిరిగిపోయింది.

“ఇందాకట్నించీ తోస్తూనే ఉంది. గురుడిని ఊరు దాటించేసింది నీ కూతురు!” అని అత్తయ్య నవ్వుతోంది. నాకు ఏడుపొచ్చింది.

తర్వాత పరీక్షలో చెవులు బాగానే ఉన్నాయన్నారు. మాటలింకా రాలేదు. నా భయమూ పూర్తిగా పోలేదు. కానీ ఆ రోజు బయల్దేరుతుంటే ఆవిడ చెప్పినట్టే రోజూ చేస్తున్నాను.

“పరీక్ష చేయించు, వద్దనను. కానీ సాయంత్రం కాసేపు దీని పక్కన కూర్చో. ఏం చెయ్యట్లేదో లెక్కపెట్టకు. ఏం చేస్తోందో చూడు. వేరే పనేమీ లేనట్టు చూడు.”