వద్దుగారి ఫోను

ఇప్పుడా ఫోను లేదు. ఫలానాది తీసుకోవచ్చా, ఫలానా చోటికి వెళ్ళొచ్చా అని శాసనసభ్యులకు గానీ, వాళ్ళ దగ్గర పనిచేసే సిబ్బందికి గానీ అనుమానం వస్తే కంప్యూటరులో ప్రశ్న కొట్టి పంపుతారు. మర్నాటికి జవాబు వస్తుంది. ఆ జవాబులో తప్పేమీ ఉండదు, పాపం. కానీ అది తిట్టదు, నవ్వదు, ఆ గడియారం మరీ అంత బాగుందా బాబూ అని అడగదు. అవన్నీ చెయ్యడానికి ఒకప్పుడు వద్దుగారు ఉండేది.

ఆవిడ గది శాసనసభ భవనానికి వెనక వైపు, కాళ్ళు విరిగిన కుర్చీలు పేర్చిపెట్టే వరండా చివర ఉండేది. తలుపు మీద ‘సభ్యుల, సిబ్బంది నైతిక ప్రవర్తన పర్యవేక్షణ విభాగం’ అని రాసి ఉండేది. అంత పేరు చదివే ఓపిక లేక అందరూ నీతి ఆఫీసు అనేవాళ్ళు. లోపల రెండు బల్లలు, ఒక బీరువా. కిటికీ పక్క బల్ల మీద నల్లటి బరువైన ఫోను. దాన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఇరికించుకుని ఆవిడ మెడ ఒకవైపుకి ఒరిగిపోయిందనేవాళ్ళు. నిజమే, పెళ్ళిఫోటోలో మెడ తిన్నగానే ఉంది.

ఆ ఫోను పెట్టించింది మొదటి అధికారి. అందరూ ఆయన్ని పెద్దసారు అనేవాళ్ళు. తప్పు చేశాక పట్టుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, చెయ్యకముందు ఆపేవాళ్ళే లేరు అనేది ఆయన బాధ. అందుకని మూడు నియమాలు పెట్టాడు. ఫోన్ చేసినవాళ్ళ పేరు అడగకూడదు. వాళ్ళు చెప్పింది గది దాటకూడదు. అవతలి గొంతు మన ఇంటివాళ్ళదని తెలిస్తే ఫోను పక్క బల్లవాళ్ళకి ఇచ్చెయ్యాలి. మొదటి రెండూ ఆవిడ ప్రాణంలా కాపాడింది. మూడోదాని సంగతి తర్వాత చెబుతాను.

వచ్చిన ప్రశ్నల్లో ముప్పాతికకు ఆవిడ జవాబు ‘వద్దు’. గుత్తేదారు పంపిన చేతిగడియారమా, వద్దు. మందుల కంపెనీవాళ్ళ ఖర్చుతో హోటల్లో బసా, వద్దు. మ్యాచ్ టిక్కెట్లు సభ్యుడిక్కాదండీ, ఆయన బావమరిదికి. బావమరిదికి ఊరికే ఎందుకిస్తారు బాబూ, వద్దు. ఒకసారి ఎవరో గుమాస్తా ఏడుపుగొంతుతో ఫోన్ చేసి, సారుకి పళ్ళబుట్ట వచ్చిందనీ, అడిగేలోపే సగం తినేశామనీ చెప్పాడు. మిగిలిన సగం వెనక్కి పంపండి, తిన్నదానికి డబ్బు కట్టండి, ఇక మీదట ఆకలేస్తే ముందు నాకు ఫోన్ చెయ్యండి అంది. ఆ కుర్రగుమాస్తా తనే ఈ కథని క్యాంటీనులో చెప్పుకుని నవ్వాడు. అప్పటినుంచీ ఆవిడ వద్దుగారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం కాగితం మీద మాత్రం మిగిలింది.

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. ఆ గదిలో అలా జరగలేదు. ఎంతెంతవాళ్ళు అవతల నీళ్ళు నమిలేవాళ్ళు. ఎప్పుడైనా ‘తీసుకోవచ్చు’ అంటే వాళ్ళు ఊపిరి వదిలిన చప్పుడు వినిపించేది. ఆ చప్పుడంటే ఆవిడకి ఇష్టం. ఇన్ని గొంతుల్లోనూ ఆవిడ ఎదురుచూసింది మాత్రం ఒక్క గొంతు కోసం. అది తమ్ముడిది.

వాళ్ళ తండ్రి ముందే పోయాడు. తల్లి ఒక ఆఫీసులో టైపిస్టు. ఇంట్లో ఒకటే గొడుగు, చెక్క పిడితో నల్లటిది. వాన పడితే తల్లి తలమీద సంచీ పెట్టుకుని బస్సుకి పరుగెత్తేది, గొడుగు పిల్లలకి వదిలేది. అక్కకి సగం, నీకు సగం అని తమ్ముడికి మరీమరీ చెప్పేది. ఇద్దరూ పిడి పట్టుకుని ఎవరి వైపుకి వాళ్ళు లాక్కుంటూ, చెరో భుజం తడుపుకుని బడికి చేరేవాళ్ళు. తమ్ముడికి ఒక అవలక్షణం ఉండేది. అబద్ధం చెబితే వెక్కిళ్ళు వచ్చేవి. తల్లి వాణ్ణి ఎప్పుడూ గద్దించి అడిగేది కాదు. గ్లాసుతో మంచినీళ్ళు ముందు పెట్టి ఊరుకునేది. వాడే నిజం కక్కేసేవాడు.

అలాంటివాడు పెద్దయ్యాక ఒక శాసనసభ్యుడి దగ్గర ఆంతరంగిక కార్యదర్శిగా చేరాడు. అక్కకి ఎంత గర్వమో అంత భయం. కొరివితో తల గోక్కునే ఉద్యోగం రా అని నవ్వుతూనే హెచ్చరించింది.

అప్పటికే ఆవిడకి ఒక దెబ్బ తగిలి ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏదో పెళ్ళిలో, భోజనాల దగ్గర, ఒక సభ్యుడి మనిషి మాటల్లో పెట్టి ఏదో అడిగాడు. ఆవిడ సరిగ్గా వినకుండానే తలూపింది. తర్వాత విచారణలో ఆ పెద్దమనిషి, నీతి ఆఫీసువాళ్ళే సరేనన్నారు అని చెప్పాడు. పెద్దసారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బల్ల దగ్గర లేనప్పుడు మనకి నోరు లేదనుకో అమ్మా అన్నాడు. ఆ రోజునుంచీ గది బయట ఎవరేమడిగినా ఆవిడ పెదవి విప్పలేదు. ఈ చొక్కా బాగుందా అని భర్త అడిగి, జవాబుకి ఆఫీసుకి ఫోన్ చెయ్యాలా అని ఏడిపించేవాడు.

ఒక సాయంత్రం తమ్ముడు ఇంటికొచ్చాడు. అక్క వడ్డిస్తుంటే కంచంలోకి చూస్తూ అడిగాడు.

“అక్కా, మా సారుని సముద్రం ఒడ్డున ఏదో సదస్సుకి పిలిచారు. టిక్కెట్లూ హోటలూ అన్నీ వాళ్ళవే. నన్ను కూడా రమ్మంటున్నారు. వెళ్ళొచ్చంటావా?”

పిలిచింది రోడ్లు వేసే కంపెనీ అట. వద్దు అనే మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆపేసింది.

“ఇంట్లో అడక్కురా. రేపు ఆఫీసుకి ఫోన్ చెయ్యి.”

“తమ్ముడికి కూడా ఫోనేనా?”

“తమ్ముడికైతే మరీను.”

వాడు కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. మర్నాడు ఆవిడ టీకి కూడా లేవకుండా ఫోను పక్కనే కూర్చుంది. దేశంలో ఉన్న అనుమానాలన్నీ ఆ రోజే వచ్చాయి గానీ వాడి ఫోను రాలేదు. అభిమానం అడ్డొచ్చింది. సదస్సుకి వెళ్ళాడు. సముద్రం ముందు సారు పక్కన నవ్వుతూ నిలబడ్డ ఫోటో పేపర్లో వచ్చింది, ఆ వెనకే విచారణ వచ్చింది.

తమ్ముడి కేసు కాబట్టి ఆవిడని ఆ విచారణ ఛాయలకి రానివ్వలేదు. అయితే అది జరిగింది పక్క గదిలోనే, మధ్యలో ఉన్నది చెక్క గోడ. వెళ్ళేముందు ఎవరినైనా అడిగారా అన్న ప్రశ్న ఆవిడకి వినిపించింది. లేదండీ, ఎవరినీ అడగలేదు అన్నాడు తమ్ముడు. వెంటనే వెక్కిళ్ళు మొదలయ్యాయి. విచారించేవాళ్ళు భయమనుకున్నారు. గోడ ఇవతల మాత్రం ఆవిడకి అంతా తెలిసిపోయింది. ఇంట్లో అక్కని అడిగానని ఒక్క మాట అంటే, విని ఊరుకున్నందుకు అది ఆవిడ మెడకి చుట్టుకునేది. వాడు తనమీదే వేసుకున్నాడు.

సభ్యుడు సభలో క్షమాపణ చెప్పి బయటపడ్డాడు. పెద్దవాళ్ళ సంగతి ఎప్పుడూ అంతే. తమ్ముడు కార్యదర్శి కుర్చీ పోగొట్టుకుని కింది అంతస్తులో పాత కాగితాల గదికి చేరాడు. మెట్ల మీద ఎదురుపడ్డప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకున్నాడు.

“వద్దు అని ఒక్క మాట అనుంటే ఆగిపోయేవాణ్ణక్కా. ఊళ్ళోవాళ్ళందరికీ అంటావు ఆ మాట.”

అంతే. ఆ తర్వాత మాటల్లేవు. తల్లి పోయినప్పుడు కూడా చెరో మూలా నిలబడి, వచ్చినవాళ్ళకి జవాబులు చెప్పారు గానీ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. వెళ్ళేటప్పుడు తమ్ముడు తలుపు వెనకనుంచి గొడుగు తీసుకుని చంకలో పెట్టుకోవడం ఆవిడ చూసింది. అడగలేదు. ఇంటి గుట్టు ఎవరితో చెప్పుకుంటుంది? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది.

ఏళ్ళు గడిచాయి. తమ్ముడు ఇంకో సభ్యుడి దగ్గర చేరాడని విన్నది. ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. అవతల ఎవరో చేతిరుమాలు అడ్డంపెట్టుకుని, గొంతు బొంగురు చేసుకుని, మా స్నేహితుడొకడున్నాడండీ అని మొదలుపెట్టారు. మాట పూర్తి కాకుండానే వెక్కిలి వచ్చింది.

ఆవిడ చేతిలో పెన్ను కింద పడింది. మూడో నియమం ప్రకారం ఫోను పక్క బల్ల అమ్మాయికి ఇచ్చెయ్యాలి. ఆ అమ్మాయి ఖాళీగానే ఉంది కూడా. ఆవిడ ఇవ్వలేదు. పేరు చెప్పలేదు కాబట్టి ఎవరో తెలియనట్టే కదా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఇంకొకళ్ళెవరైనా ఆ వాదన తెస్తే చెవి మెలిపెట్టి పంపేది. నీతి ఆఫీసులో ఆవిడ చేసిన అవినీతి అంటూ ఉంటే అదొక్కటే, దాన్ని ఆవిడ చివరిదాకా మానలేదు.

“మంచినీళ్ళు తాగి అడగండి. తొందరేం లేదు” అంది.

అవతల నీళ్ళు గుటకవేసిన చప్పుడు.

అలా మొదలైంది. ఆ స్నేహితుడికి మొదట్లో వచ్చినవి నిజమైన అనుమానాలే. రానురాను మరీ విడ్డూరమైపోయాయి. కొట్టువాడు ఊరికే ఇచ్చే క్యాలెండరు గోడకి తగిలించుకోవచ్చా? లిఫ్టులో దొరికిన పెన్నుతో సంతకం పెట్టొచ్చా? సభ్యుడి కిటికీలో మొక్కకి పక్క గదివాళ్ళు నీళ్ళు పోస్తే అది లంచమా? ఆవిడ ఒక్కోదాన్నీ గంభీరంగా విని, నియమం ఫలానా అని వివరించి, ఆ మొక్క బాగా పెరుగుతోందా అని కూడా అడిగేది. పక్క బల్ల అమ్మాయి ఆశ్చర్యపోయేది. మోకాలి ఆపరేషనుకి ఆవిడ సెలవు పెట్టినప్పుడు ఎవరో రోజూ ఫోన్ చేసి, గొంతు వేరేదని తెలియగానే పెట్టేసేవారట. ఆ సంగతి విని ఆవిడ మంచంమీద అటు తిరిగి పడుకుని చాలాసేపు ఏడ్చింది. మోకాలు నొప్పేమోనని భర్త మందు తెచ్చాడు.

చివరికి రిటైరయ్యే రోజు దగ్గరపడింది. ఆవిడతోపాటే ఫోను కూడా తీసేస్తారని తెలిసింది. ఉద్యోగం పోతుందని ఆవిడకి దిగుల్లేదు. ఆ తీగ తెగితే తమ్ముడితో ఉన్న ఆ కాస్త మాటా తెగిపోతుంది. నువ్వే ఫోన్ చెయ్యొచ్చు కదా అన్నాడు భర్త. ఏమని చేస్తుంది? ఇన్నేళ్ళూ జవాబులు చెప్పడమే అలవాటైంది, అడగడం ఎప్పుడో మర్చిపోయింది.

ఆఖరి రోజు సభ ఒకటి పెట్టారు. నియమం ప్రకారం ఏమీ పుచ్చుకోకూడదు కాబట్టి ఆవిడకి టీ ఇచ్చి, బోలెడన్ని మాటలు ఇచ్చారు. మధ్యాహ్నం గదికొచ్చి సొరుగు ఖాళీ చేసుకుంటుంటే ఫోను మోగింది.

“నమస్కారమండీ. మా స్నేహితుడొకడున్నాడు.” వెక్కిలి.

“చెప్పండి.”

“సభ్యుల దగ్గర పనిచేసేవాడు, మీ ఆఫీసులో రిటైరయ్యేవాళ్ళకి ఏదైనా వస్తువివ్వొచ్చా అని అడుగుతున్నాడు.”

“వద్దు. మీ దగ్గర మేం పూచికపుల్ల కూడా పుచ్చుకోకూడదు.”

“పాత వస్తువైనానా?”

“ఏం వస్తువు?”

“గొడుగండీ. చెక్క పిడిది. చువ్వలు విరిగితే బాగుచేయించాడు, మావాడు.” మళ్ళీ వెక్కిలి.

ఆవిడ కళ్ళు మూసుకుంది. ఏమి చెప్పాలో నియమావళిలో ఉంది. ఎంతోమందికి అప్పజెప్పినట్టు చెప్పిన మాటే.

“పాతదైనా వద్దు. రక్తసంబంధమైతే మాత్రం ఇవ్వొచ్చు. కానీ సంబంధమేమిటో ఇచ్చేవాళ్ళు తమ నోటితో చెప్పాలి.”

అవతల చేతిరుమాలు తీసేసినట్టుంది, గొంతు దగ్గరగా, మామూలుగా వచ్చింది.

“తమ్ముణ్ణక్కా.”

ఆవిడ వెక్కిలి కోసం ఆగింది. రాలేదు.

ఇక తెలియదని బుకాయించడానికి వీల్లేదు. నియమం నియమమే. పక్క బల్ల అమ్మాయి కంగారుగా చూస్తూ ఫోను కోసం చెయ్యి చాపింది. వద్దుగారు ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసి ఆపింది.

“ఈ ప్రశ్నకి నేనిక్కడ జవాబు చెప్పకూడదురా” అంది. “ఇంటికొచ్చి అడుగు.”

ఆ సాయంత్రం ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంటే వీధి మలుపులో తమ్ముడు కనిపించాడు. జుట్టు తెల్లబడింది. గొడుగు వేసుకునే వస్తున్నాడు, అక్కకి సగం వదిలి.