మా మేడమ్ చెరిపించిన పెన్సిల్ గీత

పోయిన నెల ఒక సోమవారం పొద్దున్న, నాగపూర్‌లో నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే కింద వాటా వాళ్లింటికి నాకోసం ఫోనొచ్చింది. భిలాయి నుంచి నా క్లాస్‌మేట్. ఎప్పుడు ఫోన్ చేసినా ముందు ఎస్టీడీ బూత్‌లో మీటరు పరిగెడుతోందని గోల పెడతాడు. ఆ రోజు గోల లేదు. "సున్, మేడమ్ నహీ రహీ," అన్నాడు, మేడమ్ ఇక లేరని. ఆదివారం ప్రార్థనకి తయారై, చెప్పులు తొడుక్కుందామని వరండాలో కుర్చీలో కూర్చున్నారట. మళ్లీ లేవలేదట. "ఏ మేడమ్?" అని అడిగాను. మా ఇద్దరికీ మేడమ్ అంటే ఒక్కరే. తెలిసే అడిగాను.

తొంభై నాలుగులో మేం చేరిన సాయంత్రపు మేనేజ్‌మెంట్ కోర్సు భిలాయిలో అప్పటికి కొత్త. తండ్రి స్టీలు ప్లాంటులో ఉంటే కొడుక్కీ ప్లాంటే అన్న ధీమా అప్పటికే సడలింది. అందుకని ప్లాంటు సెక్టార్ల పిల్లలు, పవర్ హౌస్ బజారు వ్యాపారుల పిల్లలు, చరోదా రైల్వే కాలనీ నుంచి నాలాంటి వాళ్లు ఒకరిద్దరు, అందరం టై కట్టుకునే ఉద్యోగాల మీద ఆశతో అక్కడ పోగయ్యాం. మేడమ్ మాకు వ్యాపార ఉత్తరాలు రాయడం, నలుగురి ముందు నిలబడి మాట్లాడడం నేర్పేవారు. కృష్ణా జిల్లా నుంచి, నర్సు ఉద్యోగం వచ్చిన అక్కకి తోడుగా వచ్చారట. అక్క పోయాక కూడా వెనక్కి వెళ్లకుండా రుఆబాంధాలో ఒక చిన్న అద్దె ఇంట్లో ఉండిపోయారు.

శనివారం గంటన్నర మాత్రం ఉత్తరాలూ లేవు, ఉపన్యాసాలూ లేవు. కథలు చదవడమే. మా తెలుగు పిల్లలకి తెలుగులో, మిగతా వాళ్లకి తనే హిందీలోకి మార్చి, చేత్తో రాసి జెరాక్స్ తీయించి తెచ్చేవారు. వస్తూనే ఒక స్టీలు టిఫిన్ డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టేవారు. అందరం చేతి గడియారాలు విప్పి అందులో వెయ్యాలి. అంతకు ముందు గంటలోనే మరో సారు నిమిషం విలువ గురించి పాఠం చెప్పి వెళ్లేవారు, ఈవిడేమో గడియారాలే డబ్బాలో వేయించి మూతపెట్టేవారు. వ్యాపారం చదవడానికి వచ్చి ఈ కథలేమిటని మాలో మేం గొణుక్కునేవాళ్లం. ఒకసారి ఎవరో పైకే అడిగారు. "రేపు మీరు నలుగురి బతుకుల మీద సంతకాలు పెడతారు. ఎవరి పక్కన నిలబడి పెడుతున్నారో మీకు తెలియొద్దూ?" అన్నారు.

ఆవిడ దేవత అని నేను రాస్తే ఆవిడే నవ్వుతారు. కోపం ముక్కు మీద ఉండేది. గుసగుసలాడితే సుద్దముక్క విసిరేవారు, గురి మాత్రం ఎప్పుడూ తప్పేది. చర్చిలో పాటల బృందంలో ముందు వరుసలో నిలబడి శ్రుతి లేకుండా పాడతారని వాళ్ల పాస్టరుగారే చెప్పారు. టీలో పంచదార వేసుకునేవారు కాదు. తాగడం అయ్యాక అరచేతిలో ఇంత బెల్లం ముక్క పెట్టుకుని తినేవారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా ఇంటి సిక్కోలు మాట వింటే ఆవిడకి సరదా. నేను పొరపాటున "ఏటి మేడమ్" అంటే, "ఏటీ లేదమ్మాయ్, చదువు" అని నా యాసలోనే తిప్పికొట్టేవారు.

నాకు ఫోన్ చేసిన ఆ క్లాస్‌మేట్‌దీ ఒక కథే. వాళ్ల నాన్నకి పవర్ హౌస్‌లో బట్టల కొట్టు. ఆ కొట్టంటే వాడికి తలకొట్టేసినట్టుండేది. ఎవరైనా అడిగితే నాన్న టెక్స్‌టైల్ రంగంలో ఉన్నారనేవాడు. అలాంటివాడు శనివారాలు కథలు చదివి చదివి, బేరాలాడే మనుషులు వచ్చినచోటల్లా తను పగలబడి నవ్వుతున్నాడని, సూట్లు వేసుకున్నవాళ్లు వచ్చినచోట ఆవులిస్తున్నాడని కనిపెట్టాడు. "నాకు జనం కావాలి యార్, క్యాబిన్ కాదు" అన్నాడు ఒకరోజు. ఇప్పుడు ఆ కొట్టే చూసుకుంటున్నాడు, ఒళ్లు కూడా చేశాడు.

ఇక నా సంగతి. క్లాసులో ఫస్టు నాదే. ఎవరైనా ముందు చెయ్యెత్తితే ఒళ్లు మండేది. ఇంట్లో మాత్రం ఆ ఏడాది మా నాన్నతో మాట్లాడడం మానేశాను. నాన్న గూడ్సు బండి డ్రైవరు. దసరాకి ముందు జరిగిన కంటి పరీక్షలో తప్పారు. ఇంజన్ ఎక్కనివ్వకుండా షెడ్డులో ఒక బల్ల ముందు కూర్చోబెట్టి, ఎవరెవరు ఏ బండికి వెళ్లాలో జాబితా రాసే పని ఇచ్చారు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు. డ్రైవర్లు లైనుకి పట్టుకెళ్లే ఇనప పెట్టె రోజూ భుజాన పెట్టుకుని, అమ్మ కట్టిన రెండు పూటల అన్నంతో బయల్దేరేవారు. సాయంత్రానికల్లా తిరిగొచ్చేసి, "ఈమధ్య దగ్గర డ్యూటీలే ఏస్తన్నారు" అనేవారు. రైల్వే కాలనీలో ఏదైనా దాగుతుందా? పక్క క్వార్టరు అమ్మాయి నాకు వారంలోపే చెప్పింది. అబద్ధం ఆడుతున్నాడని నాన్న మీద కోపం వచ్చింది. అది కోపమేనని నేను గట్టిగా నమ్మాను.

ఆ చలికాలంలో ఒక శనివారం మేడమ్ ఇచ్చిన కథలో ఒక ముసలి కటింగ్ మాస్టరు ఉన్నాడు. దర్జీ కొట్టులో ముప్పై ఏళ్లుగా గుడ్డ కత్తిరించినవాడు. చూపు తగ్గి, ఒక పెళ్లికొడుకు కోటు గుడ్డ పాడు చేశాడు. ప్రస్తుతానికి చేతికి సూది ఇచ్చి కూర్చోబెట్టారు. కొట్టు యజమాని ఏం చెయ్యాలి? అక్కడితో కథ ఆగిపోతుంది.

మాకు అప్పటికి కేసులు చదవడం బాగా అలవాటు చేశారు. ఒక కంపెనీ చరిత్ర పది పేజీలు ఇస్తారు. పెన్సిల్ తీసుకుని, నిర్ణయానికి అక్కర్లేని సమాచారమంతా ముందు కొట్టెయ్యాలి. మిగిలినదాంట్లో సమస్య, మార్గాలు, సిఫారసు. నేను కథనీ అలాగే చదివాను. కొట్టెయ్యవలసింది కొట్టేసి, మూడు మార్గాలు రాసి, మాస్టరుని గుండీలు కుట్టే పనికి ఖాయంగా మార్చి, కత్తెర కుర్రవాడి చేతికి ఇవ్వాలని తేల్చాను. పావుగంటలో ముగించేశాను. తలెత్తి చూస్తే ఇంకా అందరూ చదువుతున్నారు. గొప్పగా అనిపించింది.

మేడమ్ నా కాగితం చదివారు. "నిర్ణయం బాగానే ఉంది," అన్నారు. తర్వాత క్లాసు వైపు తిరిగి, "మాస్టరుగారి కూతురి గురించి ఎవరేమనుకుంటున్నారు?" అని హిందీలో అడిగారు.

చేతులు లేచాయి. నేను నా కాగితాలు తిరగేస్తున్నాను.

"కూతురెక్కడుంది మేడమ్?" అన్నాను.

క్లాసు ఘొల్లుమంది. మేడమ్ నవ్వలేదు. నా బల్ల దగ్గరికి వచ్చి, రెండో పేజీలో నేను అడ్డంగా గీత కొట్టేసిన పేరా మీద వేలు పెట్టారు. అక్కడుంది ఆ అమ్మాయి. అక్కర్లేని సమాచారం కింద దాన్ని నేను కొట్టిపారేశాను. పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కానంటే కాగితం కాస్త చిరిగింది. ఆవిడ ఆ చిరుగు వైపు చూశారు, నా మొహం వైపు చూశారు. నాకు ఎందుకో ఏడుపొచ్చినంత పనైంది.

క్లాసయ్యాక నన్ను ఆగమన్నారు. తిడతారనుకున్నాను. చేతిసంచీలోంచి రబ్బరు తీసి ఇచ్చారు. "ఈ గీత చెరిపెయ్. ఇక్కడ కాదు, ఇంటికెళ్లి. చెరుపుతూ పైకి చదువు. కన్ను దాటేస్తుందమ్మాయ్, గొంతు దాటెయ్యలేదు." ఇంటి సంగతులు ఒక్కటీ అడగలేదు. ఎవరినీ ఆవిడ అడిగేవారు కాదు.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం. వెనక వరండాలో అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నాన్న లోపల మంచం మీద ఉన్నారు, పడుకున్నారనుకున్నాను. నేను గుమ్మంలో కూర్చుని రబ్బరుతో రుద్దుతూ చదవడం మొదలుపెట్టాను. తెలుగు పైకి చదవడం నాకు అలవాటు లేదు, కూడబలుక్కుంటూ వెళ్లాను. మాస్టరు ఇంటికి వచ్చి అన్నానికి కూర్చుంటాడు. వేళ్ల నిండా సూది పోట్లు. కత్తెర పట్టేవాడికి సూది పోట్లెందుకుంటాయో కూతురికి తెలుసు. ఏమీ అడగదు. కూర కారం వేళ్లకి తగిలితే మండుతుందని, తనే అన్నం కలిపి ముద్దలు చేసి కంచం ముందుకి జరుపుతుంది. అంతవరకు చదివి కాగితం ఒళ్లో పెట్టుకున్నాను.

"ఆపీసినావేటి?" అన్నారు నాన్న లోపల్నించి. "సదువు. తరవాతేటి?"

"తర్వాత ఏమీ లేదు నాన్నా. ఆ పేరా అంతే."

అమ్మ చేట ఆపింది.

"అయితే ఆ పిల్లకి తెలుసన్నమాట."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

ఆయన ఎవరి గురించి అడుగుతున్నారో నాకు తెలుసు. "దసరా ముందు నుంచి," అన్నాను.

నాన్న లేచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను తల ఎత్తలేదు. "మరడగనేదేటి పాపా?"

"నువ్వు చెప్పలేదుగా."

"ఎలా సెప్పను? ఇరవైరెండేళ్లు బండి నడిపినాను. నీకు ఏ ఇంజన్ కూతేస్తే ఏ బండో నేర్పినాను. ఇప్పుడు కుర్చీలో కూకుని పేర్లు రాస్తన్నానని నీకెలా సెప్పను?"

తలెత్తాను. ఆయన కళ్లలో నీళ్లు నేను మొదటిసారి చూశాను. కోపం అని నేను ఇన్నాళ్లు పేరు పెట్టుకున్నది కోపం కాదు. మా నాన్న చిన్నబోవడం చూడలేకపోవడం. చూడకుండా ఉండడానికి మాట్లాడడం మానేశాను, కథలో కూడా గీత కొట్టేశాను. అప్పుడు అమ్మ చేట పక్కన పెట్టి అంది: "నాకు దీపావళికే తెలుసు. ఇంక ఆ పెట్టె మోయడం మానీ. బుజం నొప్పి, రోజూ నాకు నూని రాసే పని." ముగ్గురం నవ్వాం. నవ్వుతూనే నాన్న నా పక్కన కింద కూర్చున్నారు. ఆ సాయంత్రం దాకా ఏవేవో మాట్లాడుకున్నాం, అన్నీ మామూలు మాటలే.

ఆ తర్వాతి శనివారం మేడమ్‌కి ఒక పేజీ రాసి ఇచ్చాను, మాస్టరు కూతురు తండ్రితో ఏమందో. ఆవిడ నిలబడే చదివారు. "ఇది మార్కులు వేసే కాగితం కాదమ్మా," అని మడిచి నాకే తిరిగిచ్చారు. ఆ తర్వాత మొదటిసారిగా, "నాన్నగారు బాగున్నారా?" అని అడిగారు.

నేను మారిపోయానని చెప్పను. ఇప్పటికీ ఎవరైనా ముందు చెయ్యెత్తితే ఒళ్లు మండుతుంది. నేను చేస్తున్న రవాణా కంపెనీలో మనుషుల్ని ఇటునుంచి అటు మార్చే కాగితాలు నా బల్ల మీదికే వస్తాయి. సంతకం పెట్టక తప్పదు, పెడతాను. పెట్టే ముందు ఆ మనిషిని పిలిచి కూర్చోబెట్టి, ఇంట్లో ఎవరెవరున్నారని అడుగుతాను. మా మేనేజరుకి ఇది కాలహరణం. నాకు మాత్రం ఇది లేకపోతే ఆ పూట అన్నం సహించదు.

చదువయ్యాక భిలాయి వెళ్లినప్పుడల్లా మేడమ్‌ని చూసేదాన్ని. ప్రతిసారీ "మీ నాన్నగారిని ఒకసారి తీసుకురావమ్మా" అనేవారు. నాన్న కూడా "ఎల్దాం, ఎల్దాం" అనేవారు. ఇంగ్లీషు మాట్లాడే మేడమ్ ముందు ఎలా కూర్చోవాలో అని బిడియం. ఈ నాలుగేళ్లలో అది కుదరలేదు. కుదర్చకపోయింది నేనే. ఇంకా చాలా రోజులున్నాయనుకున్నాను.

ఫోనొచ్చిన రోజు మధ్యాహ్నానికే భిలాయి చేరాను. కబురు తెలిసి స్టేషన్‌లో నాన్న ఉన్నారు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని. "నానూ వస్తాను," అన్నారు. సమాధుల దగ్గర మా బ్యాచి వాళ్లు చాలామందే వచ్చారు. బట్టల కొట్టు మిత్రుడు చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. పెట్టె మూసే ముందు నాన్న దగ్గరికి వెళ్లి మేడమ్ మొహం చూశారు. "ఈవిడేనా?" అని నన్ను అడిగారు. అవునన్నాను. చేతులు జోడించి చాలాసేపు చూశారు.

పాస్టరుగారి ప్రార్థన అయింది. ఒక్కొక్కరే వచ్చి పిడికెడు మట్టి వేసి పక్కకి తప్పుకుంటున్నారు. నేనూ వేశాను. మా నాన్న వెనక నిలబడి పాస్టరుగారి వైపు చూసి, "మేం హిందువులమండి. నానూ ఎయ్యొచ్చా?" అని అడిగారు. ఆయన రమ్మని చెయ్యి చూపించారు. నాన్న చెప్పులు విడిచి, వంగి, మట్టి తీసుకున్నారు. గోతి అంచున నిలబడ్డారు గాని పిడికిలి విప్పలేదు. వెనక వరసలో జనం ఆగిపోయారు.

"అమ్మా, నాను ఈ పాప తండ్రిని," అన్నారు, ఎదురుగా కూర్చున్న మనిషితో చెప్పినంత మెల్లగా. "రాడానికి ఆలిసిమైపోనాది. అమ్మాయి నాతో మాటాడతంది. బాగానే ఉన్నాం."

అప్పుడు వేళ్లు వదులు చేశారు. మట్టి కొంచెం కొంచెంగా జారి పడింది. అంతా పడిపోయాక కూడా ఆయన చెయ్యి అలాగే చాపి ఉంచారు.